పూల్ టోర్నమెంట్ పెట్టాలంటే ప్రైజ్ మనీ కంటే ముందు టేబుల్ గంటలు లెక్క వేయండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. గుంటూరు అరండల్‌పేటలో నాలుగు పూల్ టేబుళ్లతో పార్లర్ నడుపుతున్నారు. మొన్న ఒక శని, ఆదివారాల్లో 32 మందితో ఎయిట్ బాల్ టోర్నమెంట్ పెట్టారు. ఎంట్రీ ఫీజు 1,000 రూపాయలు. మొదటి బహుమతి 15,000, రెండవది 8,000, సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ 3,000 చొప్పున, మొత్తం 29,000 పంచారు. 32,000 వసూలులో 3,000 మిగలాలి కదా అనుకున్నారు. తీరా నెలాఖరున చూసుకుంటే మామూలు నెల కంటే దాదాపు 20,000 తక్కువ వచ్చింది, ఆ డబ్బు ఎటు పోయిందో తెలియడం లేదు. ఈసారి మొదటి బహుమతి 50,000 అని ప్రకటిస్తే 64 మంది వస్తారు, ఆ నష్టం కూడా పూడుతుంది అనుకుంటున్నారు; అది సరైన ఆలోచనేనా అని అడిగారు.

సరైన ఆలోచన కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో పద్దెనిమిదేళ్లుగా హాలు నడుపుతున్నాను, ఏడాదికి మూడు నాలుగు టోర్నమెంట్లు పెడతాను, మొదటి ఐదేళ్లూ మీరు చేసిన పొరపాటునే నేనూ చేశాను. మనం అమ్మే సరుకు ఆట కాదు, టేబుల్ మీద గంట. టోర్నమెంట్ రోజున ఆ సరుకును ఉచితంగా ఇచ్చేసి, ఎంట్రీ ఫీజు మొత్తాన్ని బహుమతులుగా పంచేసి, మిగిలిందేమిటని వెతుక్కుంటాం. మిగలకపోవడంలో వింతేమీ లేదు.

ముందుగా మీ 20,000 ఎక్కడికి పోయిందో చూద్దాం. మీరు డబుల్ ఎలిమినేషన్ పెట్టానన్నారు, అంటే రెండుసార్లు ఓడితేనే ఇంటికి. 32 మందితో మామూలు నాకౌట్ పెడితే 31 మ్యాచ్‌లు. డబుల్ ఎలిమినేషన్‌లో గెలిచినవారి వైపు 31, ఓడినవారి వైపు 30, ఆపైన ఫైనల్ ఒకటి, కలిపి 62. ఒక్కసారీ ఓడకుండా ఫైనల్‌కు వచ్చినవాడు అక్కడ ఓడి, ఫైనల్ మళ్లీ ఆడవలసి వస్తే 63. బెస్ట్ ఆఫ్ నైన్ మ్యాచ్, అంటే తొమ్మిది ఫ్రేముల్లో (విడి ఆటల్లో) ముందు ఐదు గెలిచినవారిదే మ్యాచ్, మన స్థాయి ఆటగాళ్లకు, పిలిచాక వచ్చి నాలుగు షాట్లు ప్రాక్టీస్ చేసుకునే సమయంతో కలిపి, ఇంచుమించు గంట పడుతుంది. 62 గంటలను నాలుగు టేబుళ్లతో భాగిస్తే పదిహేనున్నర గంటలని కాగితం మీద వస్తుంది గానీ, అలా ఎప్పుడూ జరగదు, ఎందుకంటే చివరి రౌండ్లలో ఒకరిద్దరే ఆడుతుంటారు, ఒక మ్యాచ్ తేలేదాకా రెండవది మొదలు పెట్టడానికి వీలుండదు, మిగతా టేబుళ్లు గోడకు ఆనుకుని నిలబడిన జనం మధ్య ఖాళీగా ఉంటాయి. రౌండు రౌండుగా వేసి చూస్తే 18, 19 గంటలు తేలుతుంది. అంటే రెండు రోజులు మీ హాలు పూర్తిగా మూతపడినట్టే.

శని, ఆదివారాల్లో సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా మీ టేబుళ్లు నిండి ఉంటాయని మీరే రాశారు. గంటకు 200 చొప్పున నాలుగు టేబుళ్లు, రోజుకు ఏడు గంటలు, రెండు రోజులు అంటే 11,200 రూపాయలు. ఈ డబ్బు మీ జేబులోంచి పోలేదు, జేబులోకి రాలేదు. అందుకే ఖర్చుల పుస్తకంలో ఎక్కడా కనిపించదు. రోజూ వచ్చే కుర్రాళ్లు తలుపు దాకా వచ్చి, లోపల టోర్నమెంట్ అని తెలిసి, పక్క వీధిలోని పార్లర్‌కు వెళ్లిపోయారు, వారిలో కొందరు ఆ తరువాతి వారం కూడా అక్కడికే వెళ్లి ఉంటారు. దానికి నేను లెక్క కట్టడం లేదు.

తరువాత క్లాత్, అంటే టేబుల్ మీద పరిచే గుడ్డ. టోర్నమెంట్‌లో క్లాత్ మామూలు రోజుల కంటే ఎక్కువ దెబ్బ తింటుంది. బంతులను త్రికోణంగా పేర్చే చోట, వాటిని చెదరగొట్టే మొదటి దెబ్బకు (బ్రేక్) తెల్ల బంతి పెట్టే చోట, వంగి చూస్తే చిన్న చిన్న తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. ప్రతి బ్రేక్‌కూ బంతి ఒక్క క్షణం ఎగిరి పడి, ఆ రాపిడి వేడికి గుడ్డ పోగులు మాడినట్టయి మిగిలే గుర్తులవి. ఇరవై వేలు పెట్టి మార్చిన క్లాత్ వెయ్యి గంటలు నిలుస్తుందనుకుంటే గంటకు 20 రూపాయలు అరిగిపోతోందని లెక్క. నాలుగు టేబుళ్లకు 19 గంటల చొప్పున 76 గంటలు, 1,520 రూపాయలు. మీ క్లాత్ ధర వేరైతే ఈ అంకె మారుతుంది, కానీ సున్నా మాత్రం కాదు. పగటి పూట అదనంగా నడిపిన ఏసీలకు ఒక 1,000. ఇద్దరు మార్కర్లకు (స్కోరు రాస్తూ టేబుళ్లు చూసుకునేవారికి) రెండు రోజుల అదనపు కూలి, ఒక్కొక్కరికి 800 చొప్పున 3,200. బహుమతి కప్పులకూ ఫ్లెక్సీకీ కలిపి 4,000 అన్నారు. నీళ్ల క్యాన్లు, టీలు, మార్కర్ల భోజనాలు 2,000. మొత్తం 22,920.

ఇక వసూలు. 32 మంది ఆడారన్నారు గానీ, ఇద్దరు స్నేహితుల దగ్గర తీసుకోలేదనీ, మరో ఇద్దరు ఆడాక ఇస్తామని చెప్పి మొదటి రోజే ఓడి వెళ్లిపోయారనీ మీరే చివర్లో రాశారు. కాబట్టి వచ్చింది 28,000, పంచింది 29,000. అక్కడే వెయ్యి తగ్గింది. కూల్‌డ్రింకులు, చిప్స్ మీద 4,000 లాభం వచ్చిందన్నారు. 28,000లోంచి 29,000, ఆపైన 22,920 తీసేసి, 4,000 కలపండి: 19,920 నష్టం. మీరు చెప్పిన 20,000 ఇదే. దొంగతనమేమీ జరగలేదు, మీ మార్కర్‌ను అనుమానించకండి.

64 మందితో ఇదే పద్ధతిలో పెడితే 126 మ్యాచ్‌లు అవుతాయి. నాలుగు టేబుళ్ల మీద ఒక్క నిమిషం కూడా వృథా కాకుండా ఆడించినా ముప్పై ఒకటిన్నర గంటలు. నిజంగా ఆడిస్తే నాలుగు రోజులు. ఆటగాళ్ల సంఖ్య రెట్టింపయితే ఎంట్రీ వసూలు రెట్టింపవుతుంది, దానితోపాటు టేబుల్ గంటలూ రెట్టింపవుతాయి. గంటకు వచ్చే నష్టం ఎక్కడికీ పోదు.

ఇప్పుడు నేను ఎలా పెడతానో చెబుతాను. మొదటి మార్పు ఎంట్రీ ఫీజును రెండుగా విడగొట్టడం. 1,000 రూపాయల్లో 700 బహుమతులకు, 300 హాలుకు. ఈ సంగతిని దాచకుండా ఫ్లెక్సీ మీదే రాయిస్తాను. మొదట్లో నాకు భయం వేసింది, హాలు వాడు డబ్బు మింగుతున్నాడని అంటారేమోనని. ఎవరూ అనలేదు. అనుమానం వచ్చేది చెప్పకుండా తీసుకున్నప్పుడే. ఆటగాళ్లకు గంటకు 200 లెక్కన టేబుల్ ధర తెలుసు. తాము మూడు మ్యాచ్‌లు ఆడితే టేబుల్ ఛార్జీయే ఎంతవుతుందో వారికి మనకంటే బాగా తెలుసు.

రెండవ మార్పు పోటీ నడిపే పద్ధతి. మామూలు నాకౌట్ పెడితే హాలుకు లాభం, కానీ తెనాలి నుంచో ఏలూరు నుంచో వచ్చిన కుర్రాడు వెయ్యి కట్టి, గంటలో ఓడి, బస్సు ఎక్కితే మళ్లీ రాడు. డబుల్ ఎలిమినేషన్ అతనికి న్యాయం చేస్తుంది గానీ మన హాలును రెండు రోజులు మింగేస్తుంది. నాకు కుదిరిన పద్ధతి గ్రూపులది. 32 మందిని నలుగురేసి చొప్పున ఎనిమిది గ్రూపులు చేస్తాను. గ్రూపులో ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురితోనూ ఆడతారు, బెస్ట్ ఆఫ్ ఫైవ్, మ్యాచ్‌కు 40 నిమిషాలు. గ్రూపుకు ఆరు మ్యాచ్‌లు, అంటే నాలుగు గంటలు. ఒక్కో టేబుల్‌కు రెండు గ్రూపులు కేటాయిస్తే, మొదటి గ్రూపు శనివారం ఉదయం తొమ్మిది నుంచి ఒంటి గంట దాకా, రెండవది ఒంటి గంట నుంచి ఐదు దాకా. ఊరి బయటి నుంచి వచ్చేవారిని మధ్యాహ్నం గ్రూపుల్లో వేస్తాను, అప్పుడు రాత్రే వచ్చి లాడ్జిలో దిగవలసిన అవసరం ఉండదు. గెలుపులు సమానమైతే ఫ్రేముల తేడా, అదీ సమానమైతే ఆ ఇద్దరి మధ్య జరిగిన మ్యాచ్ ఎవరు గెలిచారో చూస్తాం. ఈ మాట మొదలు పెట్టడానికి ముందే గోడకు అంటించాలి, లేకపోతే సాయంత్రం ఐదింటికి హాలులో పంచాయతీ జరుగుతుంది.

శనివారం ఐదింటికి టేబుళ్లు మామూలు కస్టమర్లకు ఇచ్చేస్తాను. అసలు కిటుకు ఇక్కడే ఉంది. వారాంతం పగటి గంటలు ఎటూ సగం ఖాళీగానే పోతాయి. టోర్నమెంట్‌ను ఆ గంటల్లోకి నెట్టి, అమ్ముడుపోయే సాయంత్రాన్ని కాపాడుకోవాలి. ఆదివారం గ్రూపుకు ఇద్దరు చొప్పున 16 మందితో నాకౌట్, ఇక్కడ బెస్ట్ ఆఫ్ నైన్. తొమ్మిదికి మొదలు పెడితే పదకొండుకల్లా ఎనిమిది మ్యాచ్‌లు, పన్నెండుకు క్వార్టర్ ఫైనల్స్, ఒంటి గంటకు సెమీస్ అయిపోతాయి. కొంచెం అటూ ఇటూ అయినా రెండు లోపు తేలిపోతుంది. ఫైనల్‌ను మాత్రం సాయంత్రం ఆరింటికి ఒకే టేబుల్ మీద పెడతాను, బెస్ట్ ఆఫ్ థర్టీన్. మిగతా మూడు టేబుళ్ల మీద కస్టమర్లు ఆడుతుంటారు, మధ్య మధ్యలో చేతిలో క్యూ కర్ర పట్టుకుని వచ్చి చూస్తుంటారు, క్యాంటీన్ బాగా నడుస్తుంది, వచ్చేసారి పేరు ఇచ్చేవారు అక్కడే ఇద్దరు ముగ్గురు దొరుకుతారు.

ఈ లెక్కలో పోయే టేబుల్ ఆదాయం శనివారం నాలుగు నుంచి ఐదు దాకా నాలుగు టేబుళ్లకు 800, ఆదివారం ఫైనల్‌కు రెండు గంటలు 400, మొత్తం 1,200. క్లాత్ అరుగుదల 47 గంటలకు 940. ఏసీకి 1,000, మార్కర్లకు 3,200, కప్పులు, ఫ్లెక్సీ 2,500కు కుదించండి, నీళ్లు, టీలు 1,500. అన్నీ కలిపి 10,340. హాలు వాటా 32 మందికి 300 చొప్పున 9,600, క్యాంటీన్ 4,000, కలిపి 13,600. మిగిలేది 3,260 రూపాయలు. రెండు రోజుల శ్రమకు ఇదేం లాభమని మీరు అనవచ్చు. టోర్నమెంట్ మీద లాభం తీయాలనుకునేవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. మా హాలు వరకు టోర్నమెంట్ అనేది ప్రచార ఖర్చు, ఆ ఖర్చు తన కాళ్ల మీద తాను నిలబడితే నాకు చాలు.

బహుమతుల పంపకం దగ్గర కొంచెం నిదానంగా ఆలోచించండి. మీరు 29,000లో 15,000 మొదటివారికే ఇచ్చారు, సగం దాటింది. 2024 జూన్‌లో జెద్దాలో జరిగిన ప్రపంచ పూల్ చాంపియన్‌షిప్‌లో 128 మంది ఆడారు, మొత్తం ప్రైజ్ మనీ 10 లక్షల డాలర్లు, ఫైనల్‌ను 15-14తో గెలిచిన ఫెడోర్ గోర్స్ట్‌కు దక్కింది రెండున్నర లక్షలు, అంటే నాలుగో వంతు. ప్రపంచ విజేతకే నాలుగో వంతు ఇస్తున్నప్పుడు మన పేట టోర్నమెంట్‌లో ఒక్కరికే సగం ఎందుకు? ఆ పోటీకి డబ్బు ఆతిథ్యమిచ్చినవారి నుంచి, ప్రసారాల నుంచి వస్తుంది. మన దగ్గర అది ఓడిపోయే ఆటగాళ్ల జేబులోంచి వస్తుంది. 32 మందిలో నలుగురైదుగురికే గెలిచే సత్తా ఉంటుందని అందరికీ తెలుసు. మిగతా 27 మంది ఎందుకు డబ్బు కడుతున్నారన్నదే అసలు ప్రశ్న. వారికి క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్తే పెట్టిన డబ్బు తిరిగి వస్తుందన్న ఆశ కావాలి.

అందుకే 700 చొప్పున వచ్చే 22,400ను నేనైతే ఇలా పంచుతాను: విజేతకు 7,000, రన్నరప్‌కు 4,400, సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ 2,500 చొప్పున, క్వార్టర్స్‌లో ఓడిన నలుగురికీ 1,500 చొప్పున. ఎనిమిది మంది పెట్టిన డబ్బు కంటే ఎక్కువతో ఇంటికి వెళ్తారు. ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. మొదటి, రెండవ బహుమతుల మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే ఫైనల్‌కు ముందు ఆ ఇద్దరూ మెట్ల దగ్గర నిలబడి సగం సగం పంచుకుందామని మాట్లాడుకుంటారు. ఆ తరువాత జరిగే ఫైనల్‌ను చూడటానికి వచ్చినవారు రెండో ఫ్రేముకే ఫోన్లు తీస్తారు. తేడా తక్కువగా ఉంటే ఆ బేరం పెట్టడానికి ఎవరికీ ఆసక్తి ఉండదు.

మొదటి బహుమతి 7,000 అని ఫ్లెక్సీ మీద రాస్తే కంటికి ఆనదు, అది నిజమే. అక్కడే స్పాన్సర్ కావాలి. స్పాన్సర్ ఇచ్చే సొమ్ము ఎంట్రీ ఫీజులపైన అదనంగా చేరేది, దాన్ని హాలు ఖర్చులకు వాడకండి, మొత్తం బహుమతుల్లోనే కలపండి. ఆటగాళ్లు దాన్నే చూసి వస్తారు. కానీ చేతికి రాని స్పాన్సర్ సొమ్మును ఫ్లెక్సీ మీద ఎక్కించకండి. దీని వెనుక నా సొంత కథ ఉంది.

2016 నవంబరు 12, 13 తేదీల్లో ఒక టోర్నమెంట్ పెట్టాను. 24 మంది, ఎంట్రీ 1,000. మాకు తెలిసిన ఒక వ్యాపారి 40,000 ఇస్తానన్నారు, ఆయన ఫోటోతో ఫ్లెక్సీ కూడా కట్టించాం. ఎంట్రీలు ఎక్కువ భాగం ముందే వచ్చాయి, వాటిని ఒక గోధుమ రంగు కవరులో పెట్టి క్యాష్ కౌంటర్ సొరుగులో ఉంచాను, అన్నీ ఐదు వందలూ వెయ్యి నోట్లే. 8వ తేదీ రాత్రి టీవీలో నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. సొరుగు తీసి ఆ కవరు వైపు చూస్తూ కూర్చోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ వ్యాపారి మోసగాడేమీ కాదు. ఇవ్వాలని పెట్టుకున్న నగదు ఆ రాత్రితో చెల్లకుండా పోయింది, ఆయన ఇబ్బందులు ఆయనకున్నాయి, తరువాత ఫోన్ ఎత్తడం మానేశారు. అప్పుడే వాయిదా వేసి ఉండవలసింది. పరువు అనుకుని ఆడించేశాను. గెలిచిన కుర్రాడికి పాత నోట్లు ఇవ్వలేను, బ్యాంకులో వారానికి తీసుకోగలిగిన సొమ్ముకు పరిమితి ఉంది. రోజూ పొద్దున్నే వరుసలో నిలబడి, ప్రకటించిన బహుమతులను నా సొంత డబ్బుతో వాయిదాల మీద సంక్రాంతి దాకా తీర్చాను. ఆ కుర్రాడు ఒక్క మాట అనలేదు. అన్నట్టయితే కాస్త తేలికగా ఉండేదేమో.

అప్పటి నుంచి మూడు నియమాలు పెట్టుకున్నాను. టోర్నమెంట్‌కు వేరే బ్యాంకు ఖాతా ఉంటుంది, ఎంట్రీలూ స్పాన్సర్ సొమ్మూ అందులోనే పడాలి. ఖాతాలో పడిన అంకెనే ఫ్లెక్సీ మీద రాస్తాను. ఎంట్రీలు తక్కువైతే బహుమతులు ఎలా మారతాయో ముందే ప్రకటిస్తాను: ఈ బహుమతులు 32 మంది పూర్తిగా ఉంటేనే, తగ్గితే ఒక్కో ఎంట్రీకి 700 చొప్పున మొత్తం మారుతుంది, శాతాలు మారవు అని. ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్లే చాలామంది హాలు యజమానులు 19 మంది వచ్చిన టోర్నమెంట్‌కు 32 మంది బహుమతులు ఇచ్చుకున్నారు.

ఆ ఖాతా ఉపయోగం 2024లో మళ్లీ తెలిసింది. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో పెట్టుకున్న టోర్నమెంట్ బుడమేరు వరదలో కొట్టుకుపోయింది. మా హాలులోకి నీళ్లు రాలేదు గానీ, సింగ్ నగర్ వైపు నుంచి రావలసిన ఆటగాళ్లు మేడల మీద ఉన్నారు. ఎంట్రీల్లోంచి ఒక్క రూపాయి కూడా తీయలేదు కాబట్టి అందరికీ ఫోన్‌లోనే తిరిగి పంపేశాను. కప్పులు ముందే చేయించి ఉన్నాను, వాటి మీద తేదీ చెక్కించడం మాత్రం ఆ తరువాత మానేశాను.

తేదీల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. సంక్రాంతి మూడు రోజులూ ఎవరూ ఊళ్లో ఉండరు, ఉన్నవారి మనసు కోడి పందేల బరుల దగ్గర ఉంటుంది. దసరా రోజుల్లో విజయవాడలో గది దొరకదు, ట్రాఫిక్ మళ్లింపులతో అరగంట దారికి గంటన్నర పడుతుంది. మే నెలలో కరెంటు పోతే ఇన్వర్టర్ లైట్లను మోస్తుంది గానీ ఏసీని మోయదు. చెమట చేతులతో క్యూ జారదు, ఆటగాళ్లు పౌడరు చల్లుకుంటారు, ఆ పౌడరంతా మీ క్లాత్ మీదే పడుతుంది. వానల్లో గాలిలో తేమకు క్లాత్ బరువెక్కి బంతి నెమ్మదిస్తుంది, ఒక్కో మ్యాచ్ పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఫిబ్రవరి, నవంబరు నెలలు నాకు బాగా కలిసివచ్చాయి, నేను చెప్పిన ఆ ఒక్క నవంబరు తప్ప.

పన్ను గురించి కూడా అడిగారు. ఆటల్లో గెలిచిన సొమ్ము ఒక్కసారి చెల్లింపు 10,000 దాటితే, ఇచ్చేవారే 30 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలన్న నిబంధన ఆదాయ పన్ను చట్టంలో ఉంది. మీ టోర్నమెంట్‌కు అది ఎలా వర్తిస్తుందో మీ ఆడిటర్‌ను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. నేనైతే జాగ్రత్తగా ఉండేవైపే నిలబడతాను. 11,000 ప్రకటిస్తే 3,300 కోసి చేతికి 7,700 ఇవ్వాలి. సరిగ్గా 10,000 ప్రకటిస్తే పూర్తిగా 10,000 ఇవ్వవచ్చు. గెలిచినవాడు ఏది కోరుకుంటాడో చెప్పనక్కరలేదు. అంతకు మించి ఇచ్చే పక్షంలో పాన్ కార్డు నంబరు ఎంట్రీ ఫారంలోనే తీసుకోండి, ఫైనల్ అయ్యాక రాత్రి పదింటికి అడిగితే ఎవరి దగ్గరా ఉండదు. హాలు వాటాగా వచ్చే 300 మీ వ్యాపార ఆదాయమే, జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంటే దాని మీద పన్ను కూడా లెక్కలోకి వస్తుంది.

పందేల సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఫైనల్‌కు జనం చేరగానే గోడ పక్కన ఇద్దరు ముగ్గురు చేతులు కలుపుకుంటారు. అమెరికాలో పూల్ టోర్నమెంట్‌కు ముందు ఆటగాళ్లను వేలం వేసి, ఆ వేలం సొమ్మును గెలిచిన ఆటగాడిని కొన్నవారికి పంచే ఆచారం ఉంది, దానికి వారు పెట్టుకున్న పేరు కలకత్తా. మన దేశంలోని ఊరి పేరే గదా అని సరదా పడి ఒక కుర్రాడు మా హాలులో కూడా పెడదామన్నాడు. వద్దన్నాను. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆటేనని చెప్పింది. దాన్ని అందరూ గుర్తు పెట్టుకుంటారు. అదే తీర్పులో, పందెం కట్టి ఆడే ఆట నుంచి హాలు నడిపేవారు లాభం తీసుకుంటున్నట్టు తేలితే నేరమవుతుందని కూడా ఉంది. దాన్ని ఎవరూ గుర్తు పెట్టుకోరు. కాబట్టి ఆటగాళ్లు కట్టే ఎంట్రీ, హాలు తీసుకునే టేబుల్ ఛార్జీ, రసీదులతో విడివిడిగా ఉండాలి. పక్క పందేలు కనిపిస్తే ఆట ఆపి బయటికి పంపండి, వారు మీకు రోజూ వచ్చే కస్టమర్లే అయినా సరే.

నష్టం పెద్దగా లేకపోయినా పేరు పోయేది డ్రా దగ్గర, అంటే ఎవరు ఏ గ్రూపులో ఆడాలో చీటీలు తీసి తేల్చే చోట. డ్రా ముందు రోజు రాత్రి ఇంట్లో కూర్చుని రాసుకోకండి. మా హాలులో ఒక స్టీలు చెంబులో పేర్ల చీటీలు వేసి, ఎదురుగా ఉన్న టీ కొట్టు వారి అబ్బాయి చేత తీయిస్తాం, ఒకరు ఫోన్‌లో వీడియో తీస్తారు. బాగా ఆడే నలుగురిని వేర్వేరు గ్రూపుల్లో ముందే పెట్టి, ఆ సంగతి చెప్పి, మిగతావారికి మాత్రమే చీటీలు తీయండి. 27 మందే వచ్చారనుకోండి, నలుగురేసి ఆరు గ్రూపులు, ముగ్గురితో ఒకటి. అప్పుడు గ్రూపుకు ఇద్దరు చొప్పున 14 మంది తేలతారు, మూడవ స్థానాల్లో మెరుగైన ఇద్దరిని కలిపితే 16. ముగ్గురి గ్రూపులో మూడవవాడికి మ్యాచ్‌లు తక్కువ కాబట్టి అతన్ని ఈ పోలికలోకి తీసుకోరాదని ముందే చెప్పండి.

రాష్ట్ర స్థాయిలో ఆడినవారు వస్తే మొదటి బహుమతి వారిదే అయిపోతుందన్న మీ భయం గురించి. రెండేళ్లు వారిని రానివ్వలేదు, అప్పుడు ఫైనల్ చూడటానికి ఎవరూ రాలేదు. ఇప్పుడు రానిస్తాను, గ్రూపు మ్యాచ్‌ల్లో ఎదుటివారికి ఒక ఫ్రేము ముందుగా ఇస్తాను, నాకౌట్‌లో ఇవ్వను. అందరికీ నచ్చదు, ముఖ్యంగా ఆ రాష్ట్ర స్థాయి ఆటగాళ్లకు.

చివరిగా, డబ్బు పడకముందు ఎవరి పేరూ చెంబులో వేయకండి, స్నేహితుల పేరైనా సరే. మీ స్నేహితుడిని ఉచితంగా ఆడించాలనిపిస్తే అతని తరఫున 1,000 మీ జేబులోంచి ఆ ఖాతాలో వేయండి. అప్పుడు ఎంతమందిని అలా ఆడించాలో మీకే తెలుస్తుంది. టోర్నమెంట్ రెండు రోజులూ టేబుల్ వారీగా ఏ మ్యాచ్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో మార్కర్ చేత ఒక నోటుపుస్తకంలో రాయించండి. నేను వేసిన 40 నిమిషాలూ గంటా మా హాలు ఆటగాళ్ల లెక్క, మీ ఆటగాళ్లది మీ పుస్తకమే చెబుతుంది. అది పూర్తయ్యాక ఆ సమయాలు ఇక్కడ పెడితే ఆ తరువాతి టోర్నమెంట్‌కు 40 మందిని తీసుకోవచ్చో లేదో చూసి చెబుతాను.